గాలికి రాని మనిషి

మొన్న ఎండలు ముదిరాక కొత్త కుండ కొందామని ఓర్వకల్లు బస్టాండు పక్కన ఆగాను. రోడ్డు వారగా గడ్డి పరిచి కుండలు పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంది. నల్ల కుండ ఒకటి కంటికి నచ్చింది. ఎడమ అరచేతి మీద బోర్లించుకుని కుడిచేతి వేలి మెటికతో కొట్టాను. మంచి కుండ అయితే గంటలాగా మోగాలి. అది మోగలేదు. గొంతు పట్టేసిన మనిషిలాగా బొద్దుమని ఒక చప్పుడు చేసి ఊరుకుంది. పగులు కంటికి కనపడలేదు గానీ చెవికి తెలిసిపోయింది. కుండను తీసిన చోటే పెట్టేశాను. జరిగింది అంతే. కానీ నా చేతులు చల్లబడ్డాయి. నా సైకిల్ హ్యాండిల్ పట్టుకుని నిలబడిపోయాను. "ఏమ్మా, ఎండ తగిలిండాదా? నీళ్లు తాగుతావా?" అని కుండలామె చెంబు చాపింది. ఎండ కాదు తల్లీ, ఆ చప్పుడు. పద్నాలుగేళ్ల కింద ఇదే రోడ్డు మీద, ఇక్కడికి ఇరవై అడుగుల దూరంలో, ఒక సైకిల్ అచ్చం అలాగే పలికింది.

ఆ సైకిల్, పాత సైకిళ్లు బాగుచేసి అమ్మే దస్తగిరి సాబు అంగడిది. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. సన్నటి మనిషి, తెల్ల గడ్డం, మోకాళ్ల దాకా మడిచి కట్టిన గళ్ల లుంగీ, గోళ్ల సందుల్లో ఎంత కడిగినా పోని నలుపు. నాకు అన్నం పెట్టింది హాస్టలు వంటిల్లే గానీ, ఆ వంటింటి దాకా నన్ను తీసుకుపోయింది ఈయన. మంచివాడని చెప్పడానికి ఇదంతా చెప్పడం లేదు. మంచివాడా కాదా అన్నది నాకే ఇంకా తేలలేదు.

నా పేరు సుంకమ్మ. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదువుతాను, అంతే నా చదువు. మా ఆయన బండల ఫ్యాక్టరీలో పాలిష్ పని చేసి, ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో నింపుకుని, నలభై నిండకుండానే పోయాడు. నాకప్పుడు ముప్పై ఆరు. ఒక్కతే కూతురు, బడికి పోతోంది. ఆడపిల్లల హాస్టలు వంటింట్లో సహాయానికి మనిషి కావాలంటే పోయి అడిగాను. వార్డెనమ్మ చెడ్డది కాదు గానీ ఖచ్చితమైన మనిషి. "ఐదున్నరకు పొయ్యి వెలగాల. నెల దినాలు చూస్తా. మూడు మార్లు ఆలస్యమైతే ఇంకొకరిని పెట్టుకుంటా, తర్వాత నన్ననొద్దు" అంది. మా పల్లె నుంచి హాస్టలు ఆరు కిలోమీటర్లు, అంతా పెద్ద రోడ్డు. ఆ వేళకు బస్సు లేదు, ఆటో ఎక్కితే కూలి దానికే సరి. నడిచాను. మొదటి వారంలోనే రెండుసార్లు ఆలస్యమైంది. ఇక ఒక్కటే మిగిలింది. మా ఆయన పోయిన పదో దినాన నా కాళ్ల నుంచి తీసేసిన కడియాలు, మెట్టెలు పాత గుడ్డలో మూటకట్టి ఉన్నాయి. వాటిని కర్నూలులో అమ్మి పన్నెండు వందలు కొంగున ముడేసుకున్నాను. అందులో సైకిల్ రావాలి. నాకు తొక్కడం రాదు, అది వేరే సంగతి.

పొద్దున్నే పోయాను. సాబు అప్పుడే వాకిట్లో నీళ్లు చల్లి, ఊదుబత్తీ వెలిగించి గోడ సందులో గుచ్చుతున్నాడు.

"సైకిల్ కావాలప్పా. ఆడోళ్లు తొక్కేది. పాతదైనా ఫరవాల్యా."

"ఎవురికమ్మా?"

"నాకే."

బోసి నుదురు చూశాడు, బోసి కాళ్లు చూశాడు. నవ్వలేదు. "యాడికి పోవాల?"

"హాస్టలుకు. పెద్ద రోడ్డు మీద, తెల్లారకముందే."

"ఆ పొద్దుకు లారీలు తిరుగుతాంటాయి గదమ్మా."

"తిరుగుతాంటాయి. నన్ను జూసి నిలబడవు గదా!"

గోడకు ఆనించి నీలం రంగు సైకిల్ ఒకటి ఉంది. కొత్త పెళ్లికూతురులాగా మెరుస్తోంది. దాని సీటు మీద చెయ్యి వేశాను, తీయబుద్ధి కాలేదు. ఎంత అని అడిగితే సాబు నా వైపు చూడకుండా, "అది అమ్ముడుపోయిండాది. ఆ మూలది చూడు" అన్నాడు. మూలలో ఉన్నదానికి ముందు మడ్‌గార్డు పచ్చ, వెనకది నలుపు, హ్యాండిల్ ఇంకేదో సైకిల్‌ది. దాని ఒంట్లో ఒక ముక్కకూ ఇంకో ముక్కకూ చుట్టరికం లేదు. నేను మూతి ముడుచుకుని నిలబడి ఉండగానే, తాపీ చేత పట్టుకుని రోడ్డు మీద పోతున్న బేల్దారి ఒకాయన అక్కడి నుంచే కేకేశాడు. "సాబూ, ఆ నీలం సైకిల్ ఎంతంటివప్పా?"

"సాయంత్రం రాప్పా, మాట్లాడుదాం" అన్నాడు సాబు.

నా రెండు చెవులతో విన్నాను. ఒళ్లంతా భగ్గుమంది. మా వైపు పొద్దున అంగడి తెరిచాక మొదటి బేరం విధవ చేతి మీదుగా చేయరు. బోణీ పాడైతే ఆ రోజంతా పాడని నమ్మకం. మా ఆయన పోయినప్పటి నుంచి కూరగాయలామె కూడా "కాసేపాగి రామ్మా" అని నన్ను పంపించేది. ఇన్నాళ్లూ మింగుకున్నాను. ఆ రోజు మింగలేకపోయాను.

"ముండమోసినదాని చేతి బోణీ వద్దని నేరుగా చెప్పప్పా! అమ్ముడుపోయిందని అబద్ధమెందుకు? నా దుడ్లకు ఏమన్నా మైలంటిండాదా? మొగుణ్ణి నేను చంపుకున్నానా?"

అరుస్తుంటేనే ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే అరిచాను. పక్కన టీ అంగడాయన గ్లాసు పట్టుకుని వచ్చి, "ఏంది సాబూ, పొద్దున్నే ఆడమనిషితో గలాట?" అన్నాడు. నలుగురు చేరారు. సాబు తల వంచుకుని నిలబడ్డాడు. తర్వాత నీలం సైకిల్‌ను రోడ్డు మీదికి ఈడ్చుకొచ్చాడు.

"అమ్మా, కుండ కొనేటప్పుడు ఏం జేస్తావు?"

"కొట్టి చూస్తా."

"ముందు ఆ మూల సైకిల్‌ను కొట్టు. హ్యాండిల్ కింద, గొట్టాలు కలిసేకాడ."

ఆయన పానా నా చేతికిచ్చాడు. కొట్టాను. ఆ వికారపు సైకిల్ ఖంగుమంది. తర్వాత నీలం దాన్ని అదే చోట కొట్టాను. బొద్దుమంది. ఆయన చాకుతో అక్కడ గీకితే నీలం రంగు లేచింది, రంగు కింద లప్పం పెచ్చుగా ఊడింది, లప్పం కింద సగం గొట్టం చుట్టూ నల్లటి పగులు. తలవెంట్రుక కంటే కాస్త లావు. లారీ వెనకాల గుంతలో పడితే ఆ మెడ విరిగి, నా మెడ విరిగేది. సాబు అక్కడితో ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. లోపలికి పోయి ఇనుము కోసే రంపం తెచ్చాడు. అందరూ చూస్తుండగా ఆ మెరిసే సైకిల్‌ను కాలి కింద తొక్కిపెట్టి కోయడం మొదలుపెట్టాడు. కిర్రు కిర్రుమని ఆ చప్పుడు పళ్లలోకి ఎక్కింది. "సాబూ, వద్దప్పా!" అని టీ అంగడాయన చెయ్యి పట్టుకోబోయాడు. విదిలించుకున్నాడు. సైకిల్ రెండు ముక్కలై, ముందు చక్రం ఒక పక్కకు, వెనక చక్రం ఒక పక్కకు పడిపోయింది. మేకను కోస్తే చూశాను గానీ, అప్పుడు కూడా అంత భయం వేయలేదు నాకు.

ఆయన చెమట తుడుచుకుని నా ముందు చెయ్యి చాపాడు. "ఇప్పుడు బోణీ చెయ్యమ్మా." మూల సైకిల్‌కు తొమ్మిది వందలు చెప్పాడు. ముడి విప్పి ఇచ్చాను. నా చేతి నోట్లను రెండు కళ్లకూ అద్దుకుని పెట్టెలో వేశాడు. ఆ లప్పం ఎవరు పెట్టారని నేను అడగలేదు. అడగాలని తోచనే లేదు.

తొక్కడం రాదని చెబితే ఆయన సీటు కిందికి దించి, రెండు పెడళ్లూ ఊడదీసి తన దగ్గర పెట్టుకున్నాడు. "కాళ్లతో నేలను తోసుకుంటా పో. కాళ్లు నేలను మరిచిన నాడు రా, పెడళ్లిస్తా" అన్నాడు. పెడళ్లు లేని సైకిల్ మీద చీర ఎగదోపుకుని కాళ్లతో తోసుకుంటూ పోతుంటే ఊరంతా నవ్వింది. "సుంకమ్మా, అది సైకిలా, ఊతకర్రా?" అని అరుగుల మీది మగవాళ్లు. "ముందు మీ పెండ్లాలకు నేర్పించండప్పా, తర్వాత పండ్లికిలించండి" అని నేను. తెల్లవారకముందు హాస్టలుకు నడిచే పోయేదాన్ని, మూడింటికే లేచి. మధ్యాహ్నం ఎండలో బీడు మీద తోసుకునేదాన్ని. ఎనిమిదో రోజు చిన్న దిగువలో రెండు కాళ్లూ పైకెత్తాను. కింద పడతాననుకున్నాను. పడలేదు. గాలి మొహానికి తగులుతుంటే నోరు తెరిచి గట్టిగా అరిచాను. మేకలు బెదిరి పరిగెత్తాయి. ఆ సాయంత్రమే పోయి పెడళ్లు తెచ్చుకున్నాను.

ఇంకో సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గే. గొలుసు కిచకిచమంటోందని, వంటింట్లో మిగిలిన బుద్దల నూనె (వేరుశనగ నూనెను మేమలాగే అంటాం) గొలుసుకూ వెనక చక్రం పళ్ల లోపలికీ ధారాళంగా పోశాను. నూనె నూనెనే కదా అనుకున్నాను. పది రోజులకు ఆ నూనె, ఎర్ర దుమ్ము కలిసి జిగురైపోయింది. ఒక తెల్లవారుజామున సగం దారిలో పెడళ్లు ఊరికే తిరుగుతున్నాయి, చక్రం మాత్రం కదలదు. మూడో ఆలస్యం కళ్ల ముందు కనపడింది. పొయ్యి, వార్డెనమ్మ, నా బిడ్డ ఫీజు, అన్నీ కనపడ్డాయి. అప్పుడు పెడళ్లు లేని ఆ ఎనిమిది రోజులు కాళ్లకు గుర్తొచ్చాయి. సీటు మీద కూర్చుని నేలను తోసుకుంటూ మూడు కిలోమీటర్లు పోయాను. నేను పొయ్యి ముట్టించేసరికి సరిగ్గా ఐదున్నర. వార్డెనమ్మ గడియారం చూసి వెళ్లిపోయింది. మధ్యాహ్నం సాబు ఆ చక్రాన్ని విప్పి, వాసన చూసి, నన్ను చూశాడు.

"ఏమ్మా, సైకిల్‌కు పోపు పెట్టినావా?"

"నూనె గదన్నా..."

"ఆవాలు గూడా ఏసింటివా, అట్లనే తినేసిందుము!"

ఆ రోజు నేను, ఆయన, టీ అంగడాయన కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నాం. మా ఆయన పోయాక నేను నవ్వింది అదే మొదలు.

ఉద్యోగం నిలబడింది. అప్పటి నుంచి వారానికొకసారి గాలికి ఆయన దగ్గరికి పోవడం, రెండు మాటలు మాట్లాడుకోవడం. నా కాడ సైకిల్ కొన్నోళ్లకు గాలి ఊరికే అనేవాడు. కోసిన ఆ నీలం సైకిల్ రెండు ముక్కలనూ ఆయన పారేయలేదు. అంగడి గోడకు మేకు కొట్టి వేలాడదీశాడు. అవి ఆయన నిజాయితీకి గుర్తని నేను అనుకునేదాన్ని. ఎవరు సైకిల్ కొనాలన్నా వెంటబెట్టుకుపోయి, ఆ ముక్కలు చూపించి, కథంతా చెప్పేదాన్ని. దేవుడిలాంటి మనిషి, నష్టానికి వెనకాడకుండా నా ముందరే కోసేశాడు అని. నాలుగేళ్లు చెప్పాను. నేను ఆ కథ చెబుతున్నప్పుడు సాబు ఏదో ఒక పని పెట్టుకుని అవతలికి తిరిగేవాడు. పొగడ్తకు సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

ఒక మధ్యాహ్నం అంగన్‌వాడీ ఆయమ్మను తీసుకుపోయి అలాగే చెప్పాను. ఆమె సైకిల్ తీసుకుని వెళ్లిపోయాక సాబు చేతులు గుడ్డకు తుడుచుకుని నా ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"చాలు సుంకమ్మా. ఇంగ ఎవురికీ ఆ మాట చెప్పొద్దు."

"ఎందుకన్నా? నిజమే గదా."

"సగమే నిజం. ఆ లప్పం పెట్టింది నేనే. పూత పూసింది నేనే."

పరాచికమనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

"సాయంత్రం ఆ బేల్దారికి అమ్మాలనుకున్నా. నువ్వు దినామూ లారీల మధ్య పోతానంటివి. మళ్ల మళ్ల నా కండ్ల ముందర తిరిగే మనిషివి. అందుకే నీకు వద్దన్నా, మంచోణ్ణయి గాదు. బోణీ అని నువ్వు ఏడిస్తే, నోట్లోకి ఇంకో అబద్ధం రాల్యా. గమ్మున పోయింటివా, పొద్దుగూకేలోపల అమ్మేసిందును."

నేను గోడకున్న ముక్కల వైపు చూశాను. నాలుగేళ్లుగా నా నోటితో నేను పొగుడుతూ వచ్చిన ఆ ఇనుము నా వైపే చూస్తున్నట్టనిపించింది. ఆయన ఇంకా అయిపోలేదన్నట్టు చెయ్యెత్తాడు.

"దానికి రెండేండ్ల ముందర ఒకటి అమ్మినా. అట్లాంటిదే. కొండరాళ్ల పక్క రోడ్డు పనికి వచ్చినోడు. వారానికొకసారి రా, గాలి ఊరికే కొడతానంటి. సలాం జేసి నవ్వుకుంటా పోయినాడు. మళ్ల రాలేదు."

"పని అయిపోయి వాళ్ల ఊరికి పోయింటాడులే."

"పోయిండచ్చు. నేనూ అట్లనే అనుకుంటా ఉండా. పాత ట్యూబు సుంకమ్మా అది. వారం దాటితే గాలి నిలవదు. గాలికి రాని మనిషి ఏమైనట్టు?"

లేచి సైకిల్ తీసుకుని వచ్చేశాను. తిట్టలేదు. ఇంటికి పోయి సైకిల్‌ను ముందు నుంచి వెనక దాకా చెంచాతో కొట్టి చూశాను. ఖంగు ఖంగుమని మోగింది. అయినా కొడుతూనే ఉన్నాను. నా కూతురు భయపడి చెంచా లాక్కుంది. నా బోణీ కళ్లకు అద్దుకున్న చేతులే ఆ పగులును కప్పిన చేతులు. ఈ రెండింటినీ ఒక మనిషి ఒంటికి ఎలా అతికించాలో నాకు తెలియలేదు. ఆ బేల్దారి మొహం గుర్తు తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. వాడి గొంతు మాత్రమే గుర్తుంది. వాడికి పెళ్లాం ఉండేదేమో. ఆ సైకిల్ వాడు కొనుక్కుని ఉంటే, ఆమె మూటలో కూడా నాలాగే కడియాలు మిగిలేవి.

ఎనిమిది రోజులు ఆ అంగడి వైపు పోలేదు. గాలి తగ్గిన సైకిల్‌నే చుట్టుదారిన ఈడ్చుకుంటూ పోయాను. ఎనిమిదో రోజు టీ అంగడాయన హాస్టలుకు పాల క్యాను ఇవ్వడానికి వచ్చి గేటు దగ్గర నన్ను ఆపాడు. "ఏమ్మా, సాబుతో ఏమన్నా గలాటనా? పానా చేత పట్టడంల్యా. రోడ్డు పక్కకే జూసుకుంటా కూచున్నాడు. సుంకమ్మ ఇట్ల పోయిందా, సుంకమ్మను జూస్తిరా అని వచ్చేపోయేటోళ్లనంతా అడుగుతాండాడు. సైకిల్ బాగుండాదా అని అడుగుతాండాడు."

గాలికి రాని మనుషులు ఆయనకు ఇద్దరయ్యారు.

పొయ్యి ఇంకొకరికి అప్పగించి అప్పుడే పోయాను. సాబు నన్ను చూసి లేవబోయి, లేవలేక, మళ్లీ కూర్చున్నాడు. వారంలో పదేళ్లు మీద పడ్డట్టున్నాడు. నేను సైకిల్‌ను ఆయన ముందు నిలబెట్టి, "గాలి కొట్టన్నా" అన్నాను. ఆయన బొటనవేలితో టైరు నొక్కాడు. పంపు తగిలించాడు. రెండుసార్లు జారింది. మూడోసారి నేను పట్టుకున్నాను, ఆయన కొట్టాడు. క్షమించావా అని మీరడగొచ్చు. క్షమించడానికి నేను ఆ రోడ్డు పనివాణ్ణి కాదు, ఆ బేల్దారినీ కాదు. నాకు దక్కింది మంచి సైకిలే. కానీ ఆ రోజు నుంచి వారానికి రెండుసార్లు పోయేదాన్ని, అవసరమున్నా లేకపోయినా. ఆయన వేలితో నొక్కి చూసేవాడు. టైరు రాయిలా ఉండేది. ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా పంపు పెట్టి రెండు దెబ్బలు కొట్టి, "ఊ, పోయిరా" అనేవాడు.

తర్వాత నేను పెద్ద వంటామె అయ్యాను. ఒకసారి పురుగు పట్టిన కందిపప్పు మూటలు వచ్చాయి. "ఉడికితే ఏం కనపడదులేమ్మా, పిల్లలకేం తెలుస్తాది" అన్నాడు మూటలు దించినాయన. ఆ మాట చెవిన పడగానే రంపం చప్పుడు పళ్లలోకి వచ్చింది. మూటలన్నీ వాకిట్లో కుమ్మరించి నీళ్లు పోసేశాను. వార్డెనమ్మ అదిరిపోయింది. నెల జీతంలో కోస్తానంది, కోసింది కూడా.

సాబు పోయి ఆరేళ్లవుతోంది. అంగడి ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఆ రెండు ముక్కలు పాత ఇనుములోకి పోయాయో, ఏమయ్యాయో తెలియదు. ఎదురుగా మోటారు సైకిళ్ల పంచర్ అంగడి వచ్చింది, కరెంటుతో గాలి కొడతారు.

మొన్న కుండలామె దగ్గర నీళ్లు తాగి, ఒళ్లు కుదుటపడ్డాక, ఒక్కొక్కటీ కొట్టి చూసి, మోగిన కుండే తీసుకుని వెనక క్యారియర్‌కు కట్టాను. సైకిల్ నడిపించుకుంటూ ఎదురుగా ఉన్న అంగడికి పోయాను. అక్కడి ఆయన టైరు నొక్కి నవ్వాడు.

"గాలి నిండా ఉండాది గద పెద్దమ్మా. మొన్ననే గదా కొట్టినా?"

"ఉండనీలేప్పా. ఒక్క దెబ్బ కొట్టు."

"దేనికిది?"

"సుంకమ్మ గాలికి వచ్చిందని ఉండాల గదప్పా" అన్నాను.